ఘాట్ పైన ఆగమన్న మనిషి

ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండి ఘాట్ దిగే ముందు పైనే ఆగుతుంది. బ్రేకులు పరీక్షించి, సరిగ్గా ఉన్నాయని ఒక మనిషి సంతకం పెట్టిన తరువాతే కదులుతుంది. అదే ఖనిజం నింపుకున్న లారీ అంతకన్నా ఏటవాలు దారిలో, ఎదురుగా పిల్లా జెల్లాతో బస్సు కొండెక్కి వస్తూ ఉండగా, ఎవరి సంతకమూ లేకుండా దిగిపోతుంది. రైలుకు ఉన్న నియమం లారీకి ఎందుకు లేదని మీరు ఎన్నడైనా, ఎవరినైనా అడిగారా?

నేను అడగలేదు. కళాశాల చర్చావేదికల మీద నిలబడి, ప్రశ్నించడమే నా విద్య అని గర్వపడిన దాన్ని, అయినా అడగలేదు. ఆ ప్రశ్నను నా చేతిలో పెట్టిన మనిషి పోయి నలభై రోజులయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఏ కాగితం మీదనైనా పేరు కంటే ముందు లోపం రాయాలి అనేవారాయన. ఆ పద్ధతినే పాటిస్తాను.

రాయ్‌పూర్‌లో రైల్వే వారి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరుకు రెండు తలుపుల అవతల ఉండేవారు. వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో బ్రేకు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అంతకు ముందు, వయసులో ఉన్నప్పుడు, అరకు ఘాట్ లైనులో ఖనిజం బళ్ళ మీద పనిచేశారు. సొంత ఊరు శ్రీకాకుళం వైపు. మాకు చుట్టం కాదు. అయినా కాలనీలో పిల్లలందరికీ ఆయన తాతే.

ఏ బండి ఆగినా సరే, సిటీ బస్సు కావచ్చు, పాలవాడి మోపెడ్ కావచ్చు, దగ్గరికి వెళ్ళి వంగి, కుడిచేతి వెనకవైపును చక్రం నడిమి ఇనుముకు ఆనీ ఆనకుండా పెట్టేవారు. అరచెయ్యి ఎందుకు పెట్టరని చిన్నప్పుడు అడిగాను.

"అరసెయ్యి మొద్దుబారిపోయుంటాది. వేడి ఉన్నా నేదనీసి అబద్దమాడతాది. ఎనక సెయ్యి ఆడదు."

చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. కార్ఖానాలో లోపం ఉన్న వ్యాగను మీద 'సిక్' అని రాస్తారు. బాగు చేశాక 'ఫిట్' అని రాస్తారు. సిక్ రాసి ఉన్న వ్యాగను జనరల్ మేనేజరు చెప్పినా కదలదు. రిటైరైన తరువాత కూడా ఆయన ఆ అధికారాన్ని వదులుకోలేదు. కాలనీలో నిలిపి ఉన్న సైకిళ్ళ, స్కూటర్ల బ్రేకులు ఒక్కొక్కటే నొక్కి చూసేవారు. వదులుగా ఉంటే సీటు వెనక సుద్దతో సిక్ అని రాసేసేవారు.

ఎదురు క్వార్టరులో ఉండే ఒకాయన పండరీ బజారులో బట్టల దుకాణంలో గుమాస్తా. ఒకరోజు సీటు వెనక చూసుకోకుండా ఆ రాతతోనే బజారుకు వెళ్ళాడు. బండికి జ్వరమా, నీకా అని పండరీ అంతా నవ్విందట. సాయంత్రం వచ్చి తాత గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏం బాబాయ్, నా బండి రైల్వేదా? నువ్వెవరు రాయడానికి?"

"బండి రైల్వేది కాదు. దాని కింద పడేవోడు రైల్వేవోడు అవ్వొచ్చు. బ్రేకు బిగించుకోని రా, నానే సెరిపేత్తాను."

బిగించుకుని వచ్చాడు. తాత నొక్కి చూసి, తడిగుడ్డతో తుడిచి, ఫిట్ అని రాసి మరీ పంపించారు. అతనికి ఆ రాత మీద ఇంకా కోపం వచ్చింది.

ఇవన్నీ మాకు నవ్వులాటగా ఉండేవి. వాటి వెనక ఉన్న భయం నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి లేదు. నేను అక్కా అని పిలుస్తాను. కొండాగావ్ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాయ్‌పూర్ నుంచి కొండాగావ్ వెళ్ళాలంటే కాంకేర్ దాటాక ఘాట్ ఎక్కాలి. తిరిగి రావాలంటే అదే ఘాట్ దిగాలి. అక్క శుక్రవారం దిగుతుంది, ఆదివారం ఎక్కుతుంది. బస్తర్ గనుల నుంచి రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్ ఫ్యాక్టరీలకు ఖనిజం మోసే లారీలు ఏ రోజుకా రోజు, బరువుతో, అదే దారిలో దిగుతూ ఉంటాయి.

ఆదివారం బస్‌స్టాండుకు వెళ్ళి ఆయన చక్రాల చుట్టూ తిరిగేవారు. డ్రైవరును ఏ గేరులో దిగుతావని అడిగేవారు. అక్క తల దించుకునేది.

"నాన్నా, రండి. అందరూ చూస్తున్నారు."

"సూడనీ. సూసినోడైనా రేపు సెయ్యి ఎడతాడు."

ఘాట్ దాటగానే ఆమె ఫోను చెయ్యాలి. ఎక్కితే ఎక్కేశాం, దిగితే దిగేశాం. ఆ ఒక్క మాట చాలు. ఆ మాట వచ్చేదాకా ఆయన కంచం ముందు కూర్చునేవారు కారు. మా అమ్మ ఎన్నోసార్లు కూర తీసుకువెళ్ళి, మూత పెట్టిన అన్నం చూసి, అలాగే తిరిగి వచ్చింది.

నా చర్చాపోటీల మీద ఆయనకు ఆసక్తి ఎక్కువ. నన్ను వకీలమ్మా అని పిలిచేవారు. ఒక ఏడాది అంతర కళాశాలల పోటీలో ఇచ్చిన విషయం: 'కొండదారుల్లో భారీ లారీలను నియంత్రించాలి.' ఏ పక్షాన మాట్లాడాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. నాకు ప్రతిపక్షం వచ్చింది. నియంత్రించకూడదు అని వాదించాలి. వాదించాను. డ్రైవర్ల కుటుంబాలు, ఫ్యాక్టరీ కూలీలు, సరుకు ఆగితే ఆగిపోయే పొయ్యిలు, అన్నీ చెప్పాను. బహుమతి నాకే వచ్చింది. చివరి వరుసలో, ఇస్త్రీ చేసిన పాత యూనిఫాం చొక్కా వేసుకుని ఆయన కూర్చుని ఉన్నారని బయటికి వచ్చాకే చూశాను.

"బాగా మాటాడినావు. నువ్వు సెప్పింది రైటేనా?"

"కాదు తాతా. నాకు చీటీలో ఆ పక్షం వచ్చింది."

"సీటీలో తప్పొస్తే తప్పే మాటాడతావేటి?"

"అది పద్ధతి. రెండు పక్షాలూ మాట్లాడగలగాలి."

ఆయన కాసేపు నడిచి అన్నారు: "బండికి రెండు పక్కలుంటాయి, నిజమే. బ్రేకుకి ఒకటే పక్క. పట్టాలి. పడితే పట్టింది, నేకపోతే నేదు. రేపు సెలవే కదా, నాతో రా. సూపిత్తాను."

మరునాడు పొద్దున బస్సెక్కి ఘాట్‌కు వెళ్ళాం. ఘాట్ సగంలో ఒక మలుపు దగ్గర అమ్మవారి గుడి ఉంది. దిగే లారీలు చాలా వరకు అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని మళ్ళీ కదులుతారు. తాత గుడి వైపు చూడలేదు. ఆగిన ప్రతి లారీ చక్రం దగ్గరా చెయ్యి పెట్టుకుంటూ పోయారు. నాలుగో లారీ దగ్గర చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. వేళ్ళ కణుపుల మీద చర్మం ఎర్రబడింది. కాలిన వాసన నాకు కూడా తెలిసింది.

డ్రైవరు నవ్వుతూ వచ్చాడు. నలభై దాటని మనిషి. మాటలు హిందీలో జరిగాయి, తెలుగులో చెబుతున్నాను.

"ఏం చూస్తున్నావు బాబా, కొంటావా?"

"కొనను. ఏ గేరులో దిగుతున్నావు?"

"గేరెందుకు? న్యూట్రల్లో వదిలేస్తాను. డీజిల్ మిగులుతుంది."

"బ్రేకు కాలిపోతోంది."

"తెలుసు. అందుకే కదా అమ్మకి కొబ్బరికాయ."

"చల్లారడానికి ఎంతసేపు కావాలి?"

"అరగంట."

"మరి ఆగు."

డ్రైవరు పైనుంచి వరసగా వస్తున్న లారీలను చేత్తో చూపించాడు. "నేను అరగంట ఆగితే వీళ్ళందరూ నాకంటే ముందు బీర్‌గావ్ చేరతారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్ళ నంబరు ముందు, నాది రేపు. నా ఒక్కడికి నీతి చెప్పకు బాబా. అందరినీ పైనే ఆపించు, నేను మొదటివాణ్ణి ఆగుతాను."

"ఆపిస్తే తిట్టుకోవూ?"

"తిట్టుకుంటాను. ఇంటికి వెళ్ళి, మంచం మీద కూర్చుని తిట్టుకుంటాను."

వేదిక మీద నేను డ్రైవర్ల పేరు చెప్పి గెలిచాను. ఆ డ్రైవరును ఎవరైనా అడిగి ఉంటే, నా వాదన ఒక్క నిమిషం కూడా నిలిచేది కాదు. ఒకడు తనంతట తాను ఆగలేడు. అందరినీ కలిపి ఆపేది నియమం ఒక్కటే. ఇంత సులభమైన తర్కం నాకు తట్టకపోవడానికి కారణం, నేను పుస్తకాలు చదివాను గాని చక్రం ముట్టుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన తనకు కావలసింది ఒకే మాటగా చెప్పారు. ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా చూసినదే అది.

"లోడున్న లారీ ఘాట్ పైన ఆగాలి. బ్రేకు సూసినాకే దిగాలి. సూసేవోడు నేని పూట దిగకూడదు. అంతే, ఇదొక్కటే హిందీలో రాయమ్మా. నా రాత ఆఫీసరు సదవలేడు."

ఇక్కడ నా తప్పు చెప్పాలి. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

వారం రోజులు కూర్చుని నేను రాసిన అర్జీలో ఏడు కోరికలున్నాయి. దారి వెడల్పు చెయ్యాలి. ఘాట్‌ను తప్పించే కొత్త దారి వెయ్యాలి. లారీల బరువు తూచే ఏర్పాటు కావాలి. మలుపుల్లో కెమెరాలు పెట్టాలి. కింద అంబులెన్సు ఉండాలి. ఆరోది తాత చెప్పినది. ఏడోది డ్రైవర్ల విశ్రాంతి గురించి. ప్రతి దానికీ కారణాలు, ఉపకారణాలు. చదివి వినిపించాను.

"ఏడెందుకమ్మా?"

"ఒక్కటే అడిగితే చిన్నగా కనబడుతుంది తాతా. ఏడు అడిగితే కనీసం రెండు ఇస్తారు."

"మా కార్ఖానా షాపులో ఒక లోపానికి ఒక కార్డు. వేగనుకి ఏడు లోపాలుంటే ఏడు కార్డులు. ఏ కార్డు ఎవడి సేతికెల్లాలో ఆడి సేతికెల్తాది."

"అది షాపు. ఇది సర్కారు."

ఆయన నా ముఖం చూశారు. చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అనుకున్నారు కాబోలు, సంతకం పెట్టారు. రాయ్‌పూర్‌లోనే ప్రజల అర్జీలు తీసుకునే కార్యాలయంలో వరుసలో నిలబడి ఇద్దరం ఇచ్చి వచ్చాం. అధికారి చదివి, చాలా బాగా రాశారు అని హిందీలో మెచ్చుకుని, ఒక్కో కోరిక పక్కన ఒక్కో శాఖ పేరు రాసుకున్నాడు. నేను పొంగిపోయాను. ఆ గుర్తులు పడుతున్నప్పుడే అర్జీ ముక్కలవుతోందని నాకు తెలియలేదు.

జవాబులు నెలల తరబడి వచ్చాయి. ఒక శాఖ, దారి వెడల్పు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది అంది. మరొక శాఖ, అది అటవీ భూమి అంది. ఇంకొకటి, తూకం తమ పరిధి కాదు అంది. అన్నిటికన్నా చివర వచ్చిన కాగితంలో ఇలా ఉంది: 'క్రమసంఖ్య ఆరులోని విషయం, క్రమసంఖ్య ఒకటిలోని విస్తరణ పూర్తయిన పిమ్మట పరిశీలించబడును.'

ఆ కాగితం ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నీ ఒకటో నంబరు నా ఆరో నంబరుని తినేసింది వకీలమ్మా."

ఆరో నంబరుకు కొత్త దారి అక్కర్లేదు, కొండ తవ్వనక్కర్లేదు. పైన ఒక గేటు, చెయ్యి పెట్టి చూడడం తెలిసిన ఒక మనిషి, ఒక సంతకం చాలు. అంత చిన్న దాన్ని ఎన్నేళ్ళకు పూర్తవుతుందో తెలియని పెద్ద పనికి నేనే కట్టివేశాను. వాయిదా వెయ్యడానికి కారణం వెతుక్కునే పని కూడా వాళ్ళకు పెట్టలేదు. నా అందమైన వాక్యాల్లోనే వాళ్ళకు ఆ కారణం దొరికింది.

ఆ తరువాతి వానాకాలంలో ఒక శుక్రవారం, అక్క ఫోను రావలసిన వేళకు రాలేదు. నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. కూర్చోమంటే వినలేదు. నేను చేస్తే అక్క ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. రెండు గంటల తరువాత తెలియని నంబరు నుంచి పిలుపు వచ్చింది. అక్క గొంతే.

"నాన్నా, బాగానే ఉన్నాను. మా బస్సును వెనక నుంచి లారీ గుద్దింది. భుజం విరిగినట్టుంది, అంతే. ఇక్కడ దెబ్బలు తగిలినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక చేత్తోనే కట్లు కడుతున్నాను. మళ్ళీ చేస్తా."

"లారీవోడో?" అని అడిగారు ఆయన.

"పోయాడు నాన్నా."

మరునాడు హిందీ పేపరులో ఆ డ్రైవరు పేరు వచ్చింది. వయసు నలభై లోపే. మేము గుడి దగ్గర మాట్లాడిన మనిషి పేరు మేము అడగలేదు. అందుచేత అతనో, మరొకడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే మార్గం వెతకడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్రమాదం తరువాత ఘాట్ పైన ఒక అడ్డుగేటు వచ్చింది. కానిస్టేబులు లారీలను ఆపి, కొన్ని కొన్నిగా వదిలేవాడు. బస్సులు వచ్చే వేళ పూర్తిగా ఆపేవాడు. అక్క మళ్ళీ డ్యూటీకి వెళ్ళాక కొన్ని వారాలు ఫోను వేళకు వచ్చింది, తాత వేళకు తిన్నారు. ఏ ఫ్యాక్టరీ పొయ్యీ ఆరిపోలేదు. వేదిక మీద నేను భయపెట్టినవేవీ జరగలేదు. తరువాత ఒకరోజు గేటు పక్కకు జరిగి ఉంది. కానిస్టేబులు లేడు. తీసేయమని ఎవరు చెప్పారని ఆయన నాచేత ఎక్కడెక్కడికో ఫోన్లు చేయించారు. తేలిందేమిటంటే, తీసేయమని ఎవరూ చెప్పలేదు. పెట్టమని చెప్పినది కూడా నోటిమాటే. కాగితం మీద లేనిదాన్ని రద్దు చెయ్యడానికి కాగితం అక్కర్లేదు కదా.

ఆ వారమే ఆయన నన్ను అడగకుండా అర్జీ రాశారు. వంకర హిందీ అక్షరాలు, సగానికి సగం తప్పులు. ఒక కాగితం, ఒక కోరిక. వెళ్ళి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకుని నాకు చూపించారు.

"నాకు చెప్తే నేను సరిగ్గా రాసేదాన్ని కదా తాతా."

"సరిగ్గానే రాత్తావు. ఆగడం తెల్దు నీకు."

అది నిష్ఠురం కాదు. లోపం ఉన్నచోట పెట్టిన గుర్తు. నేను ఇప్పటి దాకా ఏ న్యాయనిర్ణేత నుంచీ ఇంతకన్నా సరైన తీర్పు వినలేదు.

ఆ అర్జీకి జవాబు రాలేదు. రెండుసార్లు వెళ్ళి అడిగారు. పైకి పంపాం అన్నారు. మూడోసారి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఒక మధ్యాహ్నం, గుండె ఆగి పోయారు. అక్క వచ్చింది. కార్యక్రమాలు అయ్యాక అడిగాను.

"ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చు కదా అక్కా. ఇప్పుడు ఇస్తారు."

"ఇస్తారేమో. నా చోటుకు ఇంకో పిల్ల వస్తుంది. ఆ పిల్లకి కూడా అదే బస్సు కదే."

ఆమె భుజం ఇంకా పూర్తిగా పైకి లేవదు. అయినా ఆదివారం ఎక్కింది. ఇప్పుడు ఘాట్ దాటాక ఫోను నాకు చేస్తుంది. అది వచ్చేదాకా కంచం ముందు కూర్చోలేకపోవడం ఏమిటో నాకు తెలిసివచ్చింది.

సభలో వాదన ముగించేటప్పుడు ఇన్నాళ్ళూ నేను ఓట్లు అడిగాను. ఇప్పుడు అడుగుతున్నది ఒక కాగితం. మీరు బస్తర్ వైపు తిరిగేవారైనా, మీ జిల్లాలో వేరే ఘాట్ దారి ఉన్నవారైనా, ఈ వాక్యాన్ని మీ భాషలో, మీ చేతిరాతతో రాయండి: 'బరువుతో ఉన్న ఏ లారీ అయినా ఘాట్ పైన ఆగి, బ్రేకు పరీక్ష అయిన తరువాతే దిగాలి, పరీక్షించే మనిషి లేని వేళ దిగకూడదు, ఈ మేరకు రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వండి.' ఘాట్ పేరు రాయండి. మీ సంతకం పెట్టండి. జిల్లా అధికారి చేతికి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రెండో కోరిక చేర్చాలని మీకు తప్పక అనిపిస్తుంది, నాకు అనిపించింది. అది వేరే కాగితం మీద, వేరే రోజు రాయండి.

ఈ శుక్రవారం మధ్యాహ్నం కొండాగావ్‌లో బస్సు బయలుదేరుతుంది. మీ కాగితం అంతకంటే ముందు బయలుదేరనివ్వండి.